తుక్కోళ్ల ఇల్లు ఖాళీ అయింది

బాలనర్సింహ ఇంటిపేరు తుక్కు. గంప నెత్తిన పెట్టుకొని శాలిబండ గల్లీల్లో తిరుగుతూ కొనేదీ తుక్కే కాబట్టి, అది ఎవరో వెక్కిరింతకు పెట్టిన పేరని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆయన పట్టించుకోడు. ఏ ఇనుప ముక్క దొరికినా బొటనవేలితో తుప్పు గీకి, వాసన చూసి, చెవి దగ్గర మోగించి, ఇంట్లో కుప్ప మీద వేస్తాడు. ముప్పై ఏండ్లుగా ఆ కుప్ప పెరగడమే గాని తరగలేదు. "మనం పండేటందుకన్న ఇంత జాగ ఉంచు," అని భార్య బుచ్చమ్మ రోజూ లొల్లి పెట్టేది.

పట్నమంతా కొట్లాటల భయం కమ్ముకున్న పందొమ్మిదివందల నలభై ఎనిమిది శ్రావణంలో ఆ కుప్పకు గిరాకీ వచ్చింది. పొద్దున ఈ గల్లీవాళ్లు, మధ్యాహ్నం ఆ గల్లీవాళ్లు. ఎవరూ బేరమాడలేదు. సొట్టగిన్నెలు పక్కకు నెట్టి, మొన ఉన్నవీ, చేతికి బరువుగా ఆనేవీ ఏరుకున్నారు. "గివి దేనికి భాయ్?" అని అడిగితే ఒక్కరూ ఆయన మొహం చూడలేదు. నాలుగో రోజు, ఎవరికీ ఏమీ ఇయ్యొద్దని బుచ్చమ్మకు చెప్పి గంప ఎత్తుకున్నాడు.

పొద్దుగూకేవేళకు తిరిగొస్తే ఇల్లు అలికి ఉంది. నట్టింట్లో ముగ్గు.

"ఎంత సక్కగున్నదో చూడు! వద్దన్నా ఇనలే, అంతా ఊడ్చుకపోయిన్రు," అంది బుచ్చమ్మ మురిసిపోతూ.

గల్లీ చివర చాలామంది నడిచొస్తున్న చప్పుడు. బాలనర్సింహ తలుపు మూసి, మూలనుండే ఇనుప అడ్డగడ కోసం చెయ్యి చాపాడు. గోడ తగిలింది.

"గడ ఏదే?"

"గా తుప్పు కడ్డీయా? అది గూడ తుక్కే అనుకొని ఇచ్చిన."

బాలనర్సింహ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.