ముదీర్ గారి మరమ్మతు

గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా క్వారీలో మా పికప్ వెనక మూలను నొక్కి వదిలితే, ఒకసారి లేచి ఆగాల్సింది పోయి ఊగుతూనే ఉండేది. షాకబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారేది. టైర్లు గుంటలు పడి అరిగాయి. మార్చమని బండి ఇంకెలా చెబుతుంది? మా మేనేజర్‌కి, అంటే సర్వజ్ఞుడైన ముదీర్ గారికి, నేనే చెప్పాను.

"బండి నడుస్తోందా లేదా? ఖలాస్! వెనక నాలుగు కంకర బస్తాలు పడెయ్యవయ్యా, ఊగదు," అన్నాడు.

వేశాం. వెనక భాగం ఇంకా కుంగి, ప్రతి గోతికీ మా వెన్నుపూసలు కదిలాయి.

చివరికి ఒకరోజు ఆయనే ఎక్కాడు. క్వారీ చుట్టి వచ్చి, నడుం పట్టుకుని మూలుగుతూ దిగాడు.

"రేపే ఏర్పాటు చేస్తా," అన్నాడు.

చేశాడు మహానుభావుడు. మర్నాడు ఒక దిండు తెచ్చి, దాని మీద కూర్చుని తిరిగి, దిగేటప్పుడు చంకలో పెట్టుకుని పోయాడు.