ఖాళీ సమాధికి సున్నం

మెదక్‌లో మా సమాధుల తోటలో మా తాతకు ఒక సమాధి ఉంది. అందులో తాత లేడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఏటా సమాధుల పండుగకు దానికీ సున్నం వేస్తాం, పూలు పెడతాం, కొవ్వొత్తి వెలిగిస్తాం. చిన్నప్పుడు నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. అరవై దాటి, మోకాళ్లు పట్టేసి, సున్నం బకెట్ దగ్గర చతికిలబడినప్పుడు మాత్రం లేని మనిషికి ఈ చాకిరీ ఏమిటని ఒళ్లు మండుతుంది.

తాత అంటే మా అమ్మ తండ్రి. నిజాం కాలంలో పల్టన్‌లో చేరి, రెండో ప్రపంచ యుద్ధానికి మలయా వెళ్లాడు. అక్కడ జపాన్ సైన్యానికి చిక్కి ఖైదులోనే పోయాడు. ఆ కబురు తెచ్చింది అల్లాదుర్గ్ మనిషి ఒకాయన. తాతతో పాటు అదే ఖైదులో ఉండి, బతికి వచ్చినవాడు. అమ్మమ్మ ఆయన్ని అడిగింది ఒక్కటేనట: "మట్టి చేసిండ్రా?" అని. "మంచిగ సాగనంపినమమ్మా" అన్నాడట ఆయన. మేం క్రైస్తవులం, మాకు సాగనంపడమంటే మట్టిలో పెట్టడమే. అమ్మమ్మ ఆ మాట నమ్మి ఇక్కడ ఈ సమాధి కట్టించింది. అల్లాదుర్గ్ ఆయన బతికున్నన్నాళ్లూ సమాధుల పండుగకు సీతాఫలాల సంచీతో వచ్చేవాడు. సమాధి దాకా మాత్రం వచ్చేవాడు కాదు. గేటు దగ్గరే తలొంచుకుని నిలబడేవాడు. హిందువు కదా, మొహమాటపడుతున్నాడు కాబోలు అనుకునేవాళ్లం.

అమ్మ కూడా పోయింది. తాత బిడ్డల్లో మిగిలింది మా పెద్దమ్మ ఒక్కతే. తొంభైకి దగ్గర పడింది. తండ్రి ఎత్తుకుంటే మీసం గుచ్చుకోవడం తప్ప ఆయన గురించి ఆమెకు ఏమీ గుర్తులేదు. నేను టీచర్ ఉద్యోగం నుంచి రిటైరయ్యానో లేదో, నన్ను పట్టుకుంది.

"సమాధి చూపెట్టమని అడుగుత లేను బిడ్డా. గంత దూరం నేనేడ పోత? మా నాయినను మట్టి చేసిండ్రా, గట్లనే యాడనో పారేసిండ్రా, గదొక్కటి తెలుసుకో. గది తెల్వకుండ నేనెట్ల పోవాలె?"

అలా మొదలైన పని నా ప్రాణం తోడేసింది. ఎక్కడెక్కడి సైన్యం ఆఫీసులకో రాశాను. ఫోన్ చేస్తే ఇంకో నంబరు ఇచ్చేవాళ్లు, ఆ నంబరు వాళ్లు మళ్లీ మొదటి నంబరే ఇచ్చేవాళ్లు. జవాబంటూ వస్తే ఒక్కటే: ఆ పేరుతో సిపాయి ఎవరూ లేరు. చౌరస్తాలో జిరాక్స్ షాపాయన నన్ను చూడగానే కుర్చీ జరిపేవాడు. "మల్లొచ్చిండ్రా మేడమ్? జర కూర్చోండ్రి. మీ తాత జపానోళ్లకు దొరికిండు గని మీకు దొర్కుతలేడు" అనేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. ఇంటికి పోతే పెద్దమ్మ గుమ్మంలోనే "ఏమాయె?" అనేది. ఏమీ కాలేదని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నిజం చెప్పాలంటే, చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

పోయిన ఎండాకాలం కుల్చారంలో ఒక పెళ్లికి వెళ్లాను. తాత పుట్టిన ఊరు అది. మా బంధువుల్లో మతం మారని ఇళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న ముసలాయనతో తాత పేరు చెప్పి ఆయన సంగతి ఎత్తాను. ఆయన విస్తరి మీంచి తలెత్తి, "గా పేరు ఎవ్వరిదమ్మా? పల్టన్‌ల చేరి మల్ల రాలేదని మా నాయిన చెప్తుండె, గాయననేనా?" అని, ఊరి దేవత పేరు కలిసిన ఇంకో పేరు చెప్పాడు. పుట్టినప్పుడు ఆ తల్లికి మొక్కుకుని పెట్టిన పేరట.

మాకు తెలిసింది బాప్తిస్మంలో ఇచ్చిన బైబిలు పేరు ఒక్కటే. పాత పేరు పలకడమంటే, వదిలిపెట్టిన దేవతను మళ్లీ ఇంట్లోకి పిలిచినట్టేనని మా పెద్దల భయం. అందుకే ఆ పేరు ఎవరి నోటా రాలేదు, మాదాకా చేరనే లేదు. తాత మాత్రం పల్టన్‌లో ఊళ్లో పిలిచే పేరే చెప్పుకున్నాడు. ఇన్నాళ్లూ మేం అందరం కలిసి, సైన్యంలో లేని మనిషిని వెతికాం.

ఆ పేరుతో రాస్తే జవాబు తొందరగానే వచ్చింది. తండ్రి పేరు సరిపోయింది, కుల్చారం సరిపోయింది. ఖైదు శిబిరంలో జబ్బు చేసి పోయాడు. పేరును బట్టి హిందువు అనుకున్నారు, దహనం చేశారు. సమాధి లేదు. దూరదేశంలో ఒక రాతి గోడ మీద, అలా దహనమైన సిపాయిల పేర్ల మధ్య ఆయన పేరు చెక్కి ఉందట.

దొరికాడన్న సంతోషం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. పెద్దమ్మకు ఏమని చెప్పాలి? కడపటి దినాన మట్టిలోంచే లేస్తామని నమ్మిన మనిషి. మీ నాన్నకు నిప్పు పెట్టారంటే ఆ ముసలి ప్రాణం తట్టుకుంటుందా? ఆమె కంట పడకుండా కొన్నాళ్లు తిరిగాను.

ఈసారి పండుగకు సమాధికి సున్నం వేస్తుంటే, పెద్దమ్మ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. "నీ మొఖం చూస్తెనే తెలుస్తున్నది. ఏమన్నరు?" అంది. దాచడానికి కూడా ఓపిక కావాలి. నా దగ్గర అది అయిపోయింది.

"మట్టి చేయలే పెద్దమ్మా. కాల్చిండ్రు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను.

"కట్టెలెవరు తెచ్చిండ్రు?" అంది.

"తెల్వదు. తోటి ఖైదీలే తెచ్చి ఉంటరు."

"అంటే పారెయ్యలే."

"పారెయ్యలే పెద్దమ్మా."

ఆమె కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. నాకే ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. తర్వాత ఆమె గేటు వైపు తిరిగింది. అల్లాదుర్గ్ ఆయన ఏటా నిలబడిన చోటు అది.

"మా అమ్మ మట్టి, మట్టి అని అడగవట్టె. కాల్చినమని గాయన ఎట్ల చెప్తడు? గందుకే గీ సమాధి కాడికి రాకపోతుండె."

నేను బ్రష్ కింద పెట్టాను.

"గాయన గూడ తిండి లేక, బీమార్ల ఉండి ఉంటడు గద బిడ్డా. గన్ని కట్టెలు ఎట్ల మోసిండో" అంది పెద్దమ్మ. "ఒక్కసారన్న లోపలికి రాండ్రి అని పిల్వకపోతిమి."