నార్మల్ అని వచ్చిన రిపోర్టు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌గర్ల్‌గా చేసేదాన్ని. పొద్దున పది నుంచి నిలబడే ఉండాలి. బాత్రూమ్ పక్క బిల్డింగులో ఉండేది. మాటిమాటికీ వెళ్తే సేటు ముఖం మాడ్చుకునేవాడు. అందుకని నీళ్ళు తాగడమే తగ్గించాను. కాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో గోళీలు కొనుక్కుని రోజూ రెండు మింగేదాన్ని.

ఆ ఎండాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడో నాటికి అవి తగ్గినా మూత్రం సరిగ్గా రాలేదు. వచ్చిన కాస్తా టీ రంగులో ఉంది. చంపాపేట్‌లో మా ఇంటి దగ్గరి ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. సాయంత్రం రిపోర్టులో క్రియాటినిన్ 1.1 అని వచ్చింది. పక్కనే 1.2 వరకు నార్మల్ అని అచ్చువేసి ఉంది. హమ్మయ్య అనుకుని లేచాను.

"ఆగమ్మా," అంది ల్యాబ్ నడిపే ఆవిడ. గుంటూరు వైపు మనిషి, ల్యాబ్ పైనే కాపురం. "కిందటేడు ఆపరేషన్‌కి ముందు ఇక్కడే చేయించుకున్నావు కదా?" అంటూ పాత రిజిస్టర్ తీసింది. అప్పుడు నా అంకె 0.6.

"నార్మల్ అనే ఉన్నది గదా మేడం?"

"అందరికీ నార్మలే, నీకు కాదు. దాదాపు రెట్టింపయింది. కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో ఈ అంకెను బట్టే అంచనా కడతారు. ఆ అంచనా నీకు వందకు పైన ఉండాల్సింది, అరవై చిల్లరకు పడిపోయింది. రోజూ మింగుతున్నానన్నావే, ఆ నొప్పి బిళ్ళలు ఆపెయ్. రేపు పొద్దున్నే మళ్ళీ రా."

"రేపు బంద్ గదా!"

"షట్టర్ సగం ఎత్తి ఉంచుతాలే."

మా మేనత్త ముఖమంతా ఉబ్బి, డయాలసిస్‌కు తిరిగి తిరిగి చనిపోయింది. నాకు తెలిసిన కిడ్నీ జబ్బు అదొక్కటే. చీరలు తేవడానికి పోచంపల్లి పోయిన మా ఆయనకు ఫోన్ చేశాను. "ఒక్క దినంల ఏమైతది? బంద్ అయినంక నేనొస్త, ఇద్దరం పోదాం," అన్నాడు. సరేనన్నాను గానీ, ఆ తర్వాత ఎన్నిసార్లు అద్దంలో ముఖం తడిమి చూసుకున్నానో.

తెల్లారి మళ్ళీ రక్తం ఇచ్చాను. 1.5. ఆవిడ వెంటనే చెప్పులేసుకుంది. "పద, ఆసుపత్రికి."

ఆటోల్లేవు. ఆగి ఆగి ఎల్బీనగర్ వైపు నడిచాం. చౌరస్తా ముందు టైరు కాలుతోంది. కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర కట్టి నిలబడ్డారు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వే మాట్లాడు. నేను నోరు తెరిస్తే ఎటు మనిషినో తెలిసిపోద్ది," అని గొణిగింది.

"యాడికక్కా?"

"దవాఖానకు తమ్మీ. కిడ్నీలు ఖరాబైతున్నయంట."

"ఈమె ఎవరు?"

"మా అక్క."

అతను మరో మాట అడగకుండా కర్ర పైకెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఆ అరవై అనే అంచనా, రక్తంలో అంకె నిలకడగా ఉన్నవాళ్ళకే సరిపోతుంది. మీకు రోజుకింత పెరుగుతోంది. లోపల కిడ్నీలు ఇంకా తక్కువే పనిచేస్తుండొచ్చు."

"డయాలసిస్ పెడ్తరా సార్?"

"ఇప్పుడే చెప్పలేను. తొందరగా వచ్చారు, అది మంచిదైంది."

చెప్పలేను అన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది. సెలైన్ పెట్టారు. గొట్టం వేసి, మూత్రం ఎంత వస్తోందో గంటగంటకూ రాసుకున్నారు. నేను మంచం కింద వేలాడే ఆ సంచీనే చూస్తూ పడుకున్నాను. మర్నాడు 1.6. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ మర్నాడు 1.2. బంద్ పొడిగించడంతో బస్సుల్లేక పాలవ్యాన్ ఎక్కి వచ్చిన మా ఆయన వార్డు గుమ్మంలో కనబడగానే, అప్పటిదాకా రాని ఏడుపు వచ్చేసింది.

మూడు నెలలకు అంకె 0.7 దగ్గర ఆగింది. "పాతదానికన్న ఒక పాయింటు ఎక్కువున్నది గదా?" అని ల్యాబ్‌లో అడిగాను. "అంత తేడా మిషన్‌కే ఉంటదమ్మా," అంది ఆవిడ. నమ్మాను. అయినా ఆరు నెలలకోసారి పోయి రక్తం ఇచ్చి వస్తూనే ఉన్నాను.