డోన్ ఫోరో నిలబెట్టిన కొండ

మా ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేసే డోన్ ఫోరోకి ప్రాణమంతా పాట మీదే. ఎవరింట విందు జరిగినా క్వాత్రో అనే చిన్న తీగల వాద్యం చంకన పెట్టుకుని వస్తాడు. కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒక పంక్తి విసురుతారు. అదే ఆఖరిదయ్యేలా ఆయన అప్పటికప్పుడు పది పంక్తులు అల్లి పాడాలి. వద్దనకూడదు, ఒక్క మాట మార్చకూడదు.

"ఫ్రిజ్‌లో గ్యాస్ పోతే నింపుతాను. పాటలో పరువు పోతే ఎక్కణ్ణుంచి తేను?" అంటాడు.

మా పాప అమారిస్ బాప్తిస్మం విందుకీ వచ్చాడు. పాపకి ఏడాదిన్నర దాటినా నడక రాలేదు. ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. పిల్లల ఎదుగుదల పట్టికలు చూసి చూసి నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆయన నన్ను పాప మీద పంక్తి ఇమ్మనగానే మనసులో ఉన్నదే బయటికి వచ్చేసింది.

"మా పాప ఇంకా నడవలేదు."

అందరూ తినడం ఆపేశారు. "ఇంతకంటే మంచి మాటే దొరకలేదా తల్లీ!" అని మా అత్తగారు ఓబ్దూలియా తల పట్టుకుంది. పాట ఇక ఆ మాట మీదే ముగియాలి, ఊరందరి ముందూ.

డోన్ ఫోరో చెంప గోక్కుని తీగలు మీటాడు. లోయలోంచి పొగమంచు ఎక్కి వచ్చిందన్నాడు. దక్షిణం నుంచి వాన వచ్చింది, సముద్రం దాటి పిట్టలొచ్చాయి. కొండ మాత్రం కూర్చునే ఉంది. ఆఖరున నా పంక్తే: మా పాప ఇంకా నడవలేదు.

చప్పట్లు ఆగకముందే వాదన మొదలైంది.

"కొండంటే పాపే. మనమంతా వచ్చి వాలిన పిట్టలం," అన్నాడు బాప్తిస్మంలో పాపకి జ్ఞానపితగా నిలబడ్డ ఎఫ్రాయిన్, నోటినిండా పందిమాంసంతో.

"ఆ పొట్టేసుకుని నువ్వు పిట్టవా? కొండ మా కోడలు. పాప పొగమంచు, మెల్లగా ఎక్కి వస్తుంది," అంది అత్తగారు.

"కొండ కదిలితే భూకంపమే. తొందరేముంది?" అన్నాడు మా ఆయన.

నేను డోన్ ఫోరోని పక్కకి లాగాను. "కొండ ఎవరు? పాప నడుస్తుందనా, నడవదనా?"

"కొండని పెట్టానమ్మాయ్. ఎటునుంచి ఎక్కుతావో నీ ఇష్టం. నేనే రోడ్డు వేసేస్తే అందరూ కార్లలో పోతారు, ఎక్కేదెవరు?"

డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానుకోలేదు. కానీ ఆ సాయంత్రం రోజూలా పాపని నిలబెట్టి చేతులు వదిలి చూడలేదు. ఊరికే నేలమీద కూర్చున్నాను. అమారిస్ దేక్కుంటూ వచ్చి నా ఒళ్ళోకి ఎక్కింది.

"అయితే మా అమ్మ చెప్పిందే నిజం. కొండ నువ్వే," అన్నాడు మా ఆయన.

"ఈ పూటకి," అన్నాను.