అర అడుగు ఎడమకు

ఎదురుగా ఎవరు వచ్చినా మైసయ్య అర అడుగు ఎడమకు జరుగుతాడు. నల్లగొండ బజారులో, దవాఖాన గుమ్మంలో, బస్సు దిగేచోట. కుడికాలు ఉన్నచోటే ఉంటుంది. ఎడమకాలు పక్కకు పోయి, మోకాలు కొంచెం వంగి, ఆగుతుంది. పెద్దమనుషులు తమకు దారి ఇచ్చాడనుకొని సాగిపోతారు. అది దారి ఇవ్వడం కాదని తెలిసినవాడు ఒక్కడే, అతని అక్క సుక్కమ్మ భర్త బక్కయ్య.

ఇద్దరిదీ మర్రిగూడ పక్కన ఒకటే ఊరు. పోలీసు చర్య తర్వాత ఊరి బయట ఏడాదిపాటు పోలీసుల క్యాంపు ఉండేది. సాయంత్రాలు వాళ్ళు ఎండిన వాగులో ఫుట్‌బాల్ ఆడేవారు. క్యాంపు ఎత్తేసిన రోజు ఒక పగిలిన బంతిని వదిలిపోయారు. బక్కయ్య తండ్రి మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. ఆయన ఆ బంతిలో పత్తి కూరి, తోలు దారంతో మూతి బిగించాడు. కుట్టు పడ్డ వైపు బరువెక్కింది. బంతి తిన్నగా దొర్లేది కాదు. బక్కయ్య కాలితో నెడితే నాలుగు గజాలు పోయి కుడికి ఒరిగేది.

ఆ వంకరను బక్కయ్య ఆటగా మార్చుకున్నాడు. ఎడమకు పోతున్నట్టు భుజం వంచి కుడికి జారిపోయేవాడు. అడ్డుకునే వంతు ఎప్పుడూ మైసయ్యది. రెండేళ్ళు చిన్నవాడు కాబట్టి మరో వంతు దొరకలేదు. ఐదేళ్ళపాటు ఆ ఇసుకలో అతను నేర్చుకున్నది ఒక్కటే, అర అడుగు ఎడమకు జరగడం.

యాభై ఐదులో బక్కయ్య కానిస్టేబుల్ అయ్యాడు. ఆట చూసి హైదరాబాదుకు పిలిపించుకున్నారు. బూట్లు వచ్చాయి. గుండ్రని బంతి వచ్చింది. ఆట మాత్రం వాగులోదే. పట్నంలో అది ఎవరికీ అంతుపట్టలేదు. మరుసటి ఏడు సుక్కమ్మను పెళ్ళి చేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరును బతిమాలి మైసయ్యకు నల్లగొండ పరేడ్ మైదానంలో నీళ్ళు చల్లే పని ఇప్పించాడు. బావిలో తోడి, కావడిలో మోసి, దుమ్ము అణిగేదాకా చల్లాలి.

అరవై రెండు ఎండాకాలం. ఆసియా పోటీలకు దేశం జట్టును ఎంపిక చేస్తున్నారు. ముందువరుసలో ఇంకా రెండు చోట్లు మిగిలాయి, ముగ్గురు మనుషులు మిగిలారు. ఆ ముగ్గురిలో బక్కయ్య ఒకడు. ఆఖరుసారి చూడటానికి జిల్లా పోలీసులతో ఒక ఆట పెట్టించి, ఎంపిక చేసే పెద్దలు కార్లలో నల్లగొండ వచ్చారు. బక్కయ్యకు అప్పటికి ఇరవై ఏడేళ్ళు. ఇది తప్పితే మరోటి ఉండదని అతనికి తెలుసు. సుక్కమ్మ ఊరి నుంచి జొన్నరొట్టెలు మూటగట్టుకొని వచ్చి ప్రహరీ నీడలో కూర్చుంది.

జిల్లా జట్టులో ఒకడికి జ్వరం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూశాడు. కావడి దించుతున్న మైసయ్య కనిపించాడు.

"ఏం రా బామ్మర్ది, ఉత్త కాళ్ళతోనే దిగినవా?" అన్నాడు బక్కయ్య బూటు లేసు బిగిస్తూ. "నా బూటు కింద బడ్డంక అక్కకు జెప్పుకొని ఏడ్వకు."

"ఒక మనిషి తక్కువున్నడంటే వచ్చిన బావా. ఊకె నిలవడుత."

బక్కయ్య లేచి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "గదే చెప్తున్న. ఊకె నిలవడు. ఇయ్యాల జర అటు జరగకు."

"ఫికర్ జెయ్యకు. పోతవ్ తియ్."

వదిలేద్దామనే మైసయ్య నిలబడ్డాడు. మొదటిసారి బక్కయ్య భుజం వంచగానే ఎడమకాలు దానంతట అదే జరిగింది. బంతి వచ్చి అరికాలికి తగిలి ఆగింది. రెండోసారీ అంతే. డేరా కింద కుర్చీలో ఉన్న పెద్దాయన ముందుకు వంగి, మైసయ్య వైపు వేలు చూపించి, ఇన్‌స్పెక్టరును ఏదో అడిగాడు. మైసయ్య అది చూశాడు. ఆరేళ్ళుగా ఆ మైదానంలో అతనెవరని ఎవరూ అడగలేదు.

మూడోసారి కాలు దానంతట అది జరగలేదు. మైసయ్యే జరిపాడు. నాలుగోసారి కూడా.

"నీళ్ళు చల్లేటోడు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పెద్దాయన ఉర్దూలో ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కాగితం మీద ఒక పేరు కొట్టేశాడు. మళ్ళీ మైసయ్య వైపు చూడలేదు.

పొద్దు వాలకముందే రెండు పేర్లు చదివారు, బక్కయ్యది లేదు. బక్కయ్య బూట్లు విప్పి, మట్టి దులిపి, ఒకదానికొకటి ముడేశాడు. మైసయ్య ముందు ఆగాడు.

"మంచిగ ఆడినవ్, మైసయ్యా."

బామ్మర్ది అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

సుక్కమ్మ ప్రహరీ దగ్గర నుంచి లేవలేదు. తమ్ముడే వెళ్ళాడు.

"నాలుగుపార్లు గదేందిరా? ఒక్కపారి ఇడిస్తే నీదేం బోయేది?"

"ఇడుద్దామనే అనుకున్న అక్కా."

"మరి?"

"గా సార్లు నన్ను జూసిన్రు."

"జూసి?"

మైసయ్య తన పాదాల వైపు చూసుకున్నాడు. "ఏం లే."

ఆమె రొట్టెల మూట విప్పలేదు. సంకకు పెట్టుకొని భర్త వెనక నడిచింది.

ఆ జట్టు జకార్తాలో గెలిచింది. బజారులో రేడియో ముందు చక్కెర పంచారు, మైసయ్య చేతిలోనూ ఇంత పోశారు. నీళ్ళోడిని దాటలేని బక్కయ్య అనే మాట పోలీసు లైన్లలో చాలాకాలం నిలిచింది. బక్కయ్య మరో రెండేళ్ళు ఆడి మానేశాడు. సుక్కమ్మ పుట్టింటికి వచ్చిపోతూనే ఉంది, ఒక్కతే. బావా బామ్మర్దులు ఏదో పెళ్ళిలో ఎదురుపడ్డారట. మైసయ్య కాలు ఎడమకు జరిగింది. బక్కయ్య వెనక్కి తిరిగి పోయాడు.

ఎంపిక జరిగిన మరునాడు పొద్దున బక్కయ్య మొదటి బస్సుకే హైదరాబాదు వెళ్ళిపోయాడు. మైసయ్య బావిలో నీళ్ళు తోడి కావడి ఎత్తాడు. మైదానంలో ఒకచోట బూటు గుర్తుల మధ్య ఉత్త పాదాల గుర్తులు ఉన్నాయి. ఎడమ పాదం లోతుగా పడింది. వాటిమీద నీళ్ళు చల్లాడు. దుమ్ము అణిగింది. రెండో కావడికి బావి దగ్గరికి పోయాడు.