ప్రభ దూలంలో పురుగు

అరవైల మొదట్లో గుంటూరు కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా ఉన్నప్పుడు, సెలవు పెట్టి మరీ రొంపిచెర్ల వైపు ప్రయాణం చేశాను. కారణం మా అమ్మ పుట్టినూరి వడ్రంగి బ్రహ్మయ్య బాబాయి. శివరాత్రికి కోటప్పకొండకు ఆ ఊరు బండి మీద కట్టి తీసుకెళ్ళే ఎత్తయిన ప్రభ కోసం ఆయన తెచ్చిన తుమ్మదూలంలోంచి వేలంత లావు తెల్లపురుగులు రాలాయట. పాత పుచ్చుకర్ర అంటగట్టాడని ఊరంతా ఆడిపోసుకుంటోంది. బండి పని కూడా ఎవరూ ఇవ్వడం లేదు. వినగానే నాకు ఒళ్ళు మండింది.

పొద్దున్నే బస్సెక్కితే నరసరావుపేటకు రూపాయి లోపే. అక్కడ కాఫీ తాగి రొంపిచెర్ల బస్సు పట్టుకోవాలి, దిగాక జట్కా. పురుగును చూడటానికి వచ్చానంటే జట్కా అతను నన్ను ఎగాదిగా చూశాడు. పొలం బేరానికేమో అనుకున్నాడట.

దూలం పందిట్లో పసుపు కుంకుమలతో ఉంది. కొట్టి తెచ్చాక ప్రభ దూలానికి ముహూర్తం దాకా ఇనుము తగలకూడదని ఆ ఊరి ఆచారం. వానాకాలంలో కొట్టిన మాను మాఘం దాకా బెరడుతోనే పడి ఉంది. బెరడు తీస్తానని బాబాయి మొదట్లోనే అన్నా ఒప్పుకోలేదట. ముహూర్తం నాడు చెక్కడానికి బాడిస దెబ్బ పడగానే పురుగులు బయటపడ్డాయి. ఆడవాళ్ళు తాకకూడదని ఊరిపెద్ద సుబ్బయ్య తాత అన్నాడు. వినిపించుకోకుండా ఉలితో మిగిలిన బెరడు లేపాను.

పాత ఎండుకర్రను తొలిచేది వంకర తిరిగిన చిన్న పురుగు, దాని పొట్టు పిండిలా ఉంటుంది. ఇక్కడ రాలింది ముతక పీచు. పురుగు పొడుగ్గా, గుండ్రంగా, తల ఛాతీలోకి దూర్చుకుని ఉంది. ఇది పొడుగు మీసాల పురుగు పిల్ల. తల్లి పురుగు కొత్తగా కొట్టిన మాను బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది, బెరడు తీసేస్తే పెట్టదు.

"తెచ్చినప్పుడు మాను పచ్చిదే తాతా. పురుగు పట్టింది మీ పందిట్లోనే" అన్నాను.

"అయితే తప్పు ఆచారానిదంటావా?"

"బెరడు తీస్తానన్న మనిషిని తీయనివ్వని వాళ్ళది."

చివరికి తాత ఇంకో దూలం తెమ్మని బాబాయికి చెప్పాడు. పందిరి పక్కన కూర్చున్న బాబాయి లేచి నిలబడ్డాడు.

"కొట్టిన రోజే బెరడు తీస్తా. వద్దంటే నేను బండి కట్టను, ప్రభను మీరే భుజాన మోసుకుపోండి."

తాత తలూపాడు. నాకు చానాళ్ళ తరువాత కడుపు నిండినట్టయింది.

దేవుడి పేరు చెబితే ప్రశ్నించకూడదని నాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆ రోజు నుంచి నేను అది పాటించలేదు, ఇక పాటించను కూడా. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్కమాట: పురుగును రుజువుగా దాచాలంటే ముందు మరిగే నీళ్ళలో ముంచి, తరువాతే స్పిరిట్లో వేయండి. లేకపోతే నల్లబడుతుంది, కాదనేవాళ్ళకు మళ్ళీ సందు దొరుకుతుంది.