శుక్రవారం జబ్బార్

మేనకోడలి పెళ్లికని పట్టుజాకెట్టు కుట్టించుకోవడానికి చెన్నూరు బజారుకొచ్చిన రచయిత్రి నర్మద, దర్జీ జబ్బార్‌ను చూసి గడపలోనే ఆగిపోయింది. చెవి మీద అరిగిన సుద్దముక్క, మెడలో టేపు, నుదుటి మీద కళ్లద్దాలు పెట్టుకుని వాటికోసం మిషను కింద వెతకడం: ఇరవై ఏళ్ల కింద తన కథలో కల్పించిన మనిషి అచ్చంగా ఇతనే. కథలో అందరికీ శుక్రవారం ఇస్తాననేవాడు, ఎన్నడూ ఇచ్చేవాడు కాదు. పాఠకులు పడిపడి నవ్వారు. ఇప్పుడు ఆమె గుడ్డ అందుకుని, రసీదు రాస్తూ అదే మాటన్నాడు.

"శుక్రవారం ఇస్త."

నర్మదకు నవ్వు రాలేదు. "ఆదివారం పెండ్లి భాయ్. నిన్ను రాసింది నేనే. ఒక్కపారన్న మాట మీద నిలవడరాదా?"

జబ్బార్ అద్దాలు కిందికి దింపి ఆమెను జాలిగా చూశాడు.

"మీరేనా అమ్మా! నేనేం జెయ్యాలె? కథల నాతోని ఎప్పుడు శుక్రవారమే అనిపిస్తిరి. శుక్రవారం జుమ్మా నమాజుకని నా దుకాణం బందుంటది గదా!"

నర్మద పెన్ను తీసి, రసీదు మీద శుక్రవారాన్ని కొట్టేసి శనివారం అని రాసింది.

"గిదే ముందుగాల రాయద్దా?" అంటూ జబ్బార్ చెవి మీది సుద్దముక్క తీసి, గుడ్డ మీద మొదటి గీత గీశాడు.